పదకొండో గడి

శ్రీకాకుళంలో మా ఆఫీసు మేడ మీద
ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా
టిఫిను డబ్బా బరువు పెట్టి
నెలాఖరున నేను పదకొండో గడి నింపుతాను.
మరణ కారణం.
పక్కన ఎర్ర చుక్క. ఖాళీగా వదిలేస్తే
కంప్యూటరు ఒప్పుకోదు.

మెళియాపుట్టి కొండ మీంచి దిగిన కాగితంలో
బేబీ ఆఫ్ సవర ఎండమ్మ. వయసు రెండు రోజులు.
పుష్యమాసం మంచు. పాకలో నిప్పు ఆరిపోయింది.
డోలీ మోసిన నలుగురిలో వెనకవాడు జారి
మోకాలు చీరుకుపోతే
గెడ్డ దగ్గర అరగంట ఆగారు.
కింద రోడ్డు మీద అంబులెన్సు లైటు
తిరుగుతూనే ఉందంట,
పైనుంచి కనిపిస్తూనే ఉందంట.
డాక్టరు రాసింది: తక్కువ బరువు.

భావనపాడు నుంచి సూరాడ నూకాలు కొడుకు.
ఏడో నెల. బోర్లాపడి పాకుతున్నాడు.
బోరు నీళ్లు ఉప్పు, కుళాయి ఎప్పుడొస్తే అప్పుడు.
తండ్రి వెరావల్ బోటులో, ఫోను అందని నీళ్ల మీద.
తల్లి తట్ట నెత్తినెట్టుకుని టెక్కలి వెళ్తే
ముసల్ది కుండలో నీళ్లకి పంచదార కలిపి పట్టింది.
మూడు రోజులు విరేచనాలు.
ఆశా కార్యకర్త, నూకాలు చెప్పింది చెప్పినట్టే
కాగితం అడుగున రాసి పంపింది:
"పొద్దుటేల నవ్వినాడమ్మా.
మాపటికి కళ్లు లోపలికి ఎలిపోనాయి."
ఆ మాటకి నా దగ్గర కోడు లేదు.

ఉద్దానం నుంచి ఒకటి.
తల్లికి ఇరవై ఆరేళ్లు. క్రియాటినిన్ నాలుగు దాటింది.
జీడిగింజల జిగురు కాల్చిన వేళ్లతోనే
సూది గుచ్చిన చెయ్యి పట్టుకుని కూర్చుందంట.
ఏడో నెలకే వచ్చేసిన బిడ్డ
అరచెయ్యంత. ఆరు గంటలు ఉంది.
ఆ నేలలో ఏముందో తేలుస్తామని వచ్చినవాళ్లు
సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు, మళ్లీ పట్టుకెళ్లారు.
డాక్టరు రాసింది: తక్కువ బరువు.

ఇక్కడే, ఏడురోడ్ల కూడలికి నడిచెళ్లే దూరంలో
అద్దాల పెట్టెలో పంతొమ్మిది రోజులున్న ఆడపిల్ల.
ఫైలు నా రిజిస్టరంత లావు.
గంటగంటకీ ఊపిరి లెక్క రాశారు,
ఆఖరి గంటకి కూడా.
కారణం నాలుగు పేజీలు. గడిలో పట్టదు.

మొన్న సమీక్షలో ఒకాయన అడిగాడు,
"జిల్లా సగటు తగ్గింది కదా?"
తగ్గింది. నేనే లెక్కేశాను.
ఆ సగటు ఏ పంచాయతీలో ఉంటుందో,
ఏ బస్సెక్కితే ఆ ఊళ్లో దిగుతామో
అడుగుదామనుకున్నాను. టీ వచ్చింది.

నా పేరు తవిటమ్మ.
నాకు ముందు ఇద్దరు పోయారు.
నన్ను పుట్టిన గంటకే గడప దాటించి
ఎదురింటి పారమ్మ చేతిలో పెట్టేసి
సోలెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారు.
చావు తొంగిచూసి,
ఇది తవుడేలే అనుకుని పోవాలని.
ఆ సోల ఇంకా ఉంది. దాంతోనే బియ్యం కొలుస్తుంది అమ్మ.
వాళ్లిద్దరూ దేనికి పోయారే అంటే
"ఏటో గాలి" అంటుంది, చేటలోంచి తలెత్తకుండా.

మా వైపు ఓటర్ల జాబితా తిరగెయ్యండి.
తవుడు, తవిటినాయుడు, పెంటయ్య, పెంటమ్మ.
ఒక్కో పేరు వెనక
పేరు పెట్టని ఒకరో ఇద్దరో నిలబడి ఉంటారు.
ఆ రిజిస్టరుకి గడులు లేవు.
ముప్పై ఏళ్ల లోపువాళ్లలో ఆ పేర్లు దొరకవు.
లిఖిత, జశ్విత్, హన్సిక.
మంచిదే.
పోయినవాళ్లకి ఉన్న ఆ కాస్త చోటూ పోయింది.

ఐదు దాటింది. స్వీపరు ఒక్కో లైటే ఆర్పుకుంటూ వస్తున్నాడు.
నేనింకా ఎండమ్మ కాగితం దగ్గరే ఉన్నాను.
జాబితాలో దూరం లేదు. చలి లేదు.
వెనకవాడి మోకాలు లేదు.
'ఇతరములు' నొక్కితే కింద ఒక ఖాళీ తెరుచుకుంది.
ఇరవై అక్షరాలు పడతాయి.
గెడ్డ దగ్గర అరగంట, అని కొట్టాను.
ఒప్పుకుంది.